ఆవుల్ని లేపే నూలరామి

రెండో ఏడు కూడా వానలు మొహం చాటేసేసరికి మగవాళ్ళు నడవగలిగిన పశువుల్ని తోలుకుని టాంజానియా హద్దు దాటి వెళ్ళిపోయారు. నడవలేనివి మాకు మిగిలాయి. బాలింత ఆవులు, చూడివి, ముసలివి, దూడలు. వాటితో పాటు ఆడవాళ్ళం, పిల్లలు, చేతికర్ర లేనిదే కదలని పెద్దమనుషులు.

"లేవలేని వాళ్ళందర్నీ ఒక్కచోట వదిలి పోయారు. ఇక ఒకళ్ళనొకళ్ళం లేపుకోవడమే," అంది నూలరామి. నవ్వులాటకే అంది. నెల తిరక్కుండా అదే మా పని అయింది.

నూలరామి ఇల్లు మా ఇంటి వెనకే. అరవై దాటి ఉంటాయి. పుట్టిన ఏడు అడిగితే "మిడతలు వచ్చిన ఏడు" అంటుంది. మిడతలు రెండుసార్లు వచ్చాయి, మొదటిసారా రెండోసారా అంటే మాత్రం చెప్పదు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఎడమ చెవితమ్మె తెగి రెండు పోగులుగా వేలాడుతుంటుంది. మేకపిల్ల పూసల్ని నమిలి లాగిందని మా అమ్మ చెప్పింది. ఆమెనడిగితే ఒక్కో రోజు ఒక్కో కథ చెపుతుంది. ఒకరోజు చిరుతపులి, ఇంకోరోజు సవతి.

మొదట పడింది ఆమె ఆవే. తెల్లవారుతుండగా వచ్చి మా గుమ్మంలో నిలబడి, "లేవండే, తల్లీ కూతుళ్ళూ. నా ముసల్ది కింద కూర్చుంది, ఇక లేవనంటోంది," అంది. అమ్మా నేనూ వెళ్ళాం. పడుకున్న ఆవును ఎండెక్కక ముందే లేపాలి. ఎండెక్కితే కాళ్ళు కొయ్యబారిపోతాయి, ఇక దాని తోలు గురించి మాట్లాడుకోవడమే. ముందు ఆవును పక్కకి వాలనివ్వకుండా ఛాతీ మీద కూర్చోబెట్టాలి. పొట్ట కిందనుంచి గోనెసంచి దూర్చి అటొకరు ఇటొకరు పట్టుకోవాలి. తోక మొదట్లో ఒకరు, కొమ్ముల దగ్గర ఒకరు. ఆవు మొదట వెనక కాళ్ళ మీద లేస్తుంది కాబట్టి బలమంతా వెనకే పెట్టాలి. కొట్టకూడదు, అరవకూడదు. నూలరామి కాళ్ళను పైనుంచి కిందికి రుద్దుతూ దాని చెవిలో ఏదో చెప్పేది. ఏం చెపుతావు అని ఒకసారి అడిగాను.

"అత్తగారొస్తోంది లెమ్మని చెపుతా."

ఆ రోజు ఆవు లేచింది. వణుకుతూ నిలబడి ఉచ్చ పోసింది. అలా పోసిందంటే ఆ రోజుకి గండం గడిచినట్టే. నూలరామి గోనెసంచి దులిపి భుజాన వేసుకుని, "ఇంకెవరిది పడింది?" అంది. అలా మొదలైంది. పది రోజుల్లో తొమ్మిది మంది ఆడవాళ్ళమయ్యాం. రోజూ తెల్లారుజామున ఒక కంచె నుంచి ఇంకో కంచెకు, అంటే ముళ్ళకంప చుట్టిన ఒక ఇళ్ళ గుంపు నుంచి ఇంకోదానికి, పోయి పడిన ఆవుల్ని లేపి వచ్చేవాళ్ళం. మా పశువులని, వాళ్ళ పశువులని లేదు. మూడు కొండల అవతలి కంచెకి కూడా పోయాం, అక్కడ నూలరామితో పదిహేనేళ్ళుగా మాటల్లేని ఒకామె ఉంది. ఆమె ఆవును లేపేదాకా మాట్లాడుకోలేదు. లేపాక కూడా మాట్లాడుకోలేదు. కానీ ఆమె టీ ఇచ్చింది, ఈమె తాగింది.

పార్సలోయ్ అని మా పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. రోజంతా తుమ్మచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంటాడు. మేం పోతుంటే గొంతు సవరించుకునేవాడు.

"ఆవుల్ని లేపే ఆడవాళ్ళు వస్తున్నారు, జరగండర్రా. ఏమ్మా నూలరామీ, కుర్రతనంలో మేం సింహాల్ని పడేసేవాళ్ళం. మీరు ఆవుల్ని లేపుతున్నారు."

"ఏం చేస్తాం పెద్దాయనా. పడేసేవాళ్ళు ఎక్కువైతే లేపేవాళ్ళు కావాలి కదా," అనేది ఆగకుండానే.

మా సంగతి ఎలా తెలిసిందో, నైరోబీ నుంచి ఒక సంస్థవాళ్ళు గడ్డి లారీ పంపడం మొదలుపెట్టారు. లారీతో ముతిందా అనే ఆయన వచ్చేవాడు. నలభై ఐదేళ్ళుంటాయి, పెద్ద పొట్ట, పెద్ద గొంతు, కంబా జాతివాడు, మా భాష రాదు. మంచివాడే. గడ్డిమోపులు తనూ మోసేవాడు, చెమటలు కక్కుతూ. మొదటిరోజే నూలరామికి పసుపురంగు చేతుల్లేని చొక్కా ఒకటి ఇచ్చాడు, వీపు మీద మెరిసే పట్టీలున్నది. ఆమెకి స్వాహిలీ అంతంత మాత్రమే, అందుకని మధ్యలో నన్ను నిలబెట్టింది.

"ఇక నుంచి మీరు మా స్వచ్ఛంద సేవకురాలు, మామా," అన్నాడు ముతిందా. మామా అంటే స్వాహిలీలో అమ్మ.

"అంటే ఏమిటంట?" అని నన్నడిగింది.

"జీతం లేకుండా పనిచెయ్యడమంట."

"అది నేను పెళ్ళైనప్పట్నుంచీ చేస్తున్నానని చెప్పు. దానికి చొక్కా ఎందుకో అడుగు."

నేను గొణిగాను. ముతిందాకి వినపడక వంగి చెవి దగ్గర పెట్టాడు. నూలరామి నా వీపు మీద తట్టి, "ఈ పిల్ల నోట్లోంచి మాట రావాలంటే దీన్ని కూడా తోక పట్టి లేపాలి," అంది. అందరూ నవ్వారు. చొక్కా మాత్రం తీసుకుంది. తుమ్మకాయలు ఏరుకోవడానికి దాని జేబులు బావున్నాయంది.

లారీ పదిహేను రోజులకొకసారి వచ్చేది. మూసేసిన బడి ముందు ఆగేది. ఒక్కో ఇంటికి నాలుగు మోపుల గడ్డి, ఒక సంచి మొక్కజొన్న తవుడు. కరువు మొదట్లో ఎవరో వచ్చి ఇంటి యజమానుల పేర్లు రాసుకుపోయారు, ఆ కాగితం చూసి ఇచ్చేవాళ్ళు. ముతిందా మా పేర్లను రాళ్ళు నమిలినట్టు నమిలేవాడు. ఒకతన్ని "దున్నపోతు తండ్రీ" అని పిలిచేశాడు పాపం, తెలియక. అందుకని పేర్లు చదివే పని నాకు అప్పగించింది నూలరామి. నేను ఆరో తరగతి దాకా చదివాను. పోయిన కరువులో బడి ఆగింది, మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు సేలేయన్ గురించి చెప్పాలి. మా కంచెలోనే చివరి ఇల్లు. ఇరవై నాలుగేళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె భర్త పశువులతో టాంజానియా వైపు పోయాడు. మూడోనెలలో అక్కణ్ణుంచి ఇద్దరు మనుషులు వచ్చి, ఏమీ అనకుండా అతని చేతికర్ర తెచ్చి ఆమె గుమ్మానికి ఆనించి కూర్చున్నారు. ఏదో జ్వరమంట. తోలుకుపోయిన పశువుల్లో ఒక్కటీ మిగల్లేదంట. సేలేయన్ మెడలో పూసలన్నీ తీసేసి పక్కన పెట్టేసింది. అతని పేరు నేనిక్కడ రాయను. మాలో పోయినవాళ్ళ పేరు పలకరు.

ఆమెకి మిగిలింది సాంపు ఒక్కటే. లేత గోధుమరంగు మీద సన్నటి చారలున్న ఆవు, ఆరు నెలల చూడి. సాంపు ఉంటే సేలేయన్ ఆ ఇంట్లో ఉంటుంది. రేపు వానలొస్తే పాలుంటాయి, దూడ ఉంటుంది, పిల్లలు తండ్రి కంచెలో పెరుగుతారు. సాంపు పోతే వాళ్ళక్క దగ్గరికి, కజియాడో రోడ్డు పక్కకి బొగ్గులమ్ముకోవడానికి పోవాలి. ఆమే మాకు చెప్పింది, ఏడవకుండా. "అక్క ఒక సంచి బొగ్గుల మీద కూర్చుని ఇంకో సంచి అమ్ముతుంది. అక్కడ ఆవు పేడ కూడా ఉండదు," అంది.

అతను పోయిన కబురు వచ్చిన పది రోజులకి లారీ వచ్చింది. ఆ రోజు నూలరామి లేదు, కొండ అవతల ఎవరిదో ఆవు వాగులో కూరుకుపోయిందంటే నలుగుర్ని తీసుకుని వెళ్ళింది. నేను పేర్లు చదువుతున్నాను. సగం అయ్యాక అతని పేరు వచ్చింది. కాగితం మీద అతను ఇంకా ఇంటి యజమానే. నా నోరు ఆగిపోయింది. కింది పేరు చదివాను.

చివర ముతిందా మిగిలిన మోపులు చూసుకుని, "ఒకరు రాలేదే," అని కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. వేలితో వెతికి, ఆ పేరు పట్టుకుని, పెద్దగొంతుతో పిలిచాడు. ఎవరూ పలకలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టి కొండవైపు తిరిగి మళ్ళీ పిలిచాడు. మూడోసారి కూడా.

జనం అంతా నేల చూశారు. ఒక ముసలమ్మ కీడు తగలకుండా తన గుండెల మీద తూ తూ అని ఉమ్ముకుంది. తాడు మడిచి పట్టుకుని వరసలో నిలబడ్డ సేలేయన్ దుప్పటి తల మీదుగా లాక్కుని ఇంటివైపు నడిచిపోయింది.

"రాలేదంటే అవసరం లేదనుకోవాలి," అని ముతిందా ఆ నాలుగు మోపులూ తిరిగి లారీలో వేయించాడు.

చెప్పొచ్చు కదా అనుకుంటారు. ఏమని చెప్పాలి? మీరు పిలిచినతను లేడు అంటే, ఆయన "ఎవరు, ఫలానా అతనా?" అని నాలుగోసారి అంటాడు. నలభై మందిమి ఉన్నాం, ఒక్కరికీ దారి తోచలేదు. లారీ దుమ్ము కూడా కనపడకుండా పోయాక అందరికీ మాటలొచ్చాయి.

నూలరామి సాయంత్రం వచ్చి విన్నది. ఒళ్ళంతా ఎండిన బురద. గోనెసంచి నేల మీదకి విసిరేసింది.

"ఇంతమంది నోళ్ళు పెట్టుకుని ఒక ఆవు మేత పోగొట్టారు."

ఆమె కూర్చుని, కాళ్ళు చాచి, మోకాళ్ళు రుద్దుకుంటూ కాసేపటికి, "నేనున్నా నోరు మూసుకునేదాన్నేలే," అంది.

పార్సలోయ్ నీడలోంచి సలహా చెప్పాడు. ఊళ్ళో కచేరీకి పోవాలంట. బల్ల ముందు నిలబడి భర్త పేరు చెప్పి, పోయాడని చెప్పి, వేలిముద్ర వేస్తే కాగితంలో పేరు మారుస్తారంట.

"నా నోటితో అనను," అంది సేలేయన్. "ఆవు పోతే పోనీ."

"అలా అనకు, పాషే," అంది నూలరామి.

సేలేయన్‌ని ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు. పాషే అనే పిలుస్తుంది. పెయ్యను ఇచ్చిపుచ్చుకున్న వాళ్ళు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు. ఎద్దునిస్తే ఒక పేరు, గొర్రెనిస్తే ఒక పేరు ఉంటాయి. మాలో సొంత పేర్లకంటే అవే ఎక్కువ వినపడతాయి.

పదిహేను రోజులు ఎలాగోలా నెట్టాలి. మర్నాటి నుంచి లేపడానికి వచ్చే ఆడవాళ్ళు దుప్పటి చాటున ఒక్కో పిడికెడు గడ్డి తెచ్చేవాళ్ళు. ఎవరి ఆవూ కడుపు నిండి లేదు, అయినా తెచ్చేవాళ్ళు. కింద పడేసి ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకునేవాళ్ళు. నూలరామి మేత కోసం పొడుగు కర్రతో తుమ్మచెట్ల కాయలన్నీ దులిపేసింది. పార్సలోయ్ తన నీడచెట్టు జోలికి రావద్దన్నాడు.

"చెట్టు కాయల్నే అడుగుతున్నా, నీడని కాదు. నీడ నువ్వే ఉంచుకో."

"కాయలు నెత్తిన పడుతున్నాయమ్మా."

"పడనీ. లోపల ఖాళీయే కదా, దెబ్బ తగల్దు."

నాలుగో రోజు సాంపు పడిపోయింది. అప్పట్నుంచి రోజూ మా మొదటి పని అదే. మేం లేపితే నిలబడేది, మధ్యాహ్నానికి మళ్ళీ మోకాళ్ళు మడిచేది. డొక్కలు లోపలికి పోయి తోలు కింద దూడ కదలడం కనిపించేది. సేలేయన్ దాని పక్కనే కూర్చుని ఈగలు తోలేది. తినేది కాదు.

"తిను, పాషే. నువ్వు పడితే ఎత్తడానికి నా దగ్గర ఇంకో గోనె లేదు," అనేది నూలరామి.

తొమ్మిదో రోజు రెండుసార్లు ఎత్తినా సాంపు లేవలేదు. ఊపిరి తీసుకుందామని అందరం కూలబడ్డాం. నూలరామి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"పెద్ద కరువులో నా దొడ్డి మొత్తం పోయింది. చివరి ఆవు దగ్గర మూడు రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. లేపడానికి మనిషి లేడు. మూడో రోజు ఈ ఇంటాయన వచ్చాడు. ఇంకా పెళ్ళి కూడా కాలేదు, ఒంటికీ జుట్టుకీ ఎర్రమట్టి పూసుకుని తిరిగే వయసు. తన జుట్టు పాడవుతుందని కూడా చూడకుండా ఆవు కింద దూరాడు. లేపాం. అయినా అది చచ్చింది. వానలొచ్చాక ఒకరోజు ఒక పెయ్యను తోలుకొచ్చి నా కంచెలో వదిలి, 'ఇది లేపే పని లేకుండా నడుస్తుంది, ఉంచుకో' అన్నాడు. ఆ రోజు నుంచి నేను అతనికి పాషే, అతను నాకు పాషే. పెళ్ళై వచ్చాక ఈ పిల్లా నాకు పాషేనే. ఇంట్లోకి వస్తూ పాషే ఉందా అనేవాడు. నేను బయటినుంచి పాషే ఉన్నాడా అనేదాన్ని. ఇద్దరం..."

అక్కడ ఆగింది. సేలేయన్ ఆమె మొహం చూస్తోంది.

"ఇప్పుడు నేనతని పేరు పలికాను కదా," అంది నూలరామి నెమ్మదిగా. "ఎవరైనా ఉమ్ముకున్నారా?"

ఎవరూ ఉమ్ముకోలేదు. ఎవరికీ తోచనే లేదు.

"ఎందుకంటే అది సగం నాది. నేనింకా ఉన్నాను కదా. నన్ను పిలిచినట్టే." ఆవు తల జాగ్రత్తగా కింద పెట్టి లేచింది. "పట్టండే. దీన్ని ఇంకో ఆరు రోజులు నిలబెట్టాలి."

మూడోసారికి లేచింది.

లారీ వచ్చిన రోజు నూలరామి పసుపు చొక్కా వేసుకుని అందరికంటే ముందు పోయి నిలబడింది. నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది. ముతిందా ఇంకా దిగనేలేదు.

"ఆ కాగితం తియ్యమను. పోయినసారి రాని ఇల్లు ఉంది కదా. ఆ పేరు చదవొద్దను. చూడమను, అంతే."

ముతిందా చూశాడు. "అవును, రాలేదు. ఏం, ఊరెళ్ళాడా?"

"ఊరెళ్ళాడు," అంది ఆమె. నేను చెప్పేలోగా ఆమె స్వాహిలీలో తనే అనేసింది. "దూరం. చాలా దూరం. రాడు."

ముతిందా వేలు ఆ పేరు మీదే ఆగిపోయింది. తర్వాత చాలా చిన్నగా, ఆ పెద్దగొంతులో అంత చిన్న గొంతు ఉందని నాకు తెలీదు, "మామా, ఆ రోజు నేను మూడుసార్లు పిలిచాను," అన్నాడు.

"కొండ అవతలికి కూడా వినపడిందంట."

"ఎవరైనా చెప్పాల్సింది."

"ఇప్పుడు చెప్పానుగా. నేను చెప్పలేదు కూడా. నువ్వే అనుకున్నావు."

ఆయన టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. ఇంట్లో భార్య ఉందా, పిల్లలున్నారా అని అడిగాడు. కానీ పేరు మార్చే అధికారం తనకు లేదన్నాడు. ఆఫీసులో మార్చాలి, దానికి నెల పడుతుంది.

"నెల ఆవుకి చెప్పు," అంది నూలరామి. "మార్చొద్దు. పక్కన రాయి. ఈ ఖాళీ గడి ఏమిటి?"

కాగితంలో ప్రతి పేరు పక్కనా ఒక గడి ఖాళీగా ఉంది. నేను చదివాను. వాడుక పేరు.

"వాడుక పేరంటే?"

"జనం పిలిచే పేరు," అన్నాడు ముతిందా.

"ఇన్నాళ్ళూ ఇదెందుకు ఖాళీగా పెట్టావు? రాయి. పాషే."

రాశాడు. పలుకుతూ రాశాడు. ఎవరూ నేల చూడలేదు. నేను కాగితం తీసుకుని, ఎప్పుడూ లేనంత గట్టిగా, "పాషే," అని పిలిచాను.

ఐదుగురు లేచి వచ్చారు.

ఇది మేం ఎవరమూ అనుకోలేదు. ఊళ్ళో పెయ్యలు ఇచ్చిపుచ్చుకోని ఇల్లు లేదు కదా. వరసలో ముందున్న ముసలాయన, "నేను నలుగురికి పాషేని," అన్నాడు గొప్పగా. ఇంకొకామె, "నా వాడుక పేరు ఎందుకు రాయలేదు? నేనేం తక్కువా? నాకు ఎద్దునిచ్చినవాళ్ళున్నారు," అని గొడవకొచ్చింది. పార్సలోయ్ అయితే తనకి ఏడు పేర్లున్నాయనీ ఏడూ ఆ చిన్న గడిలో పట్టవనీ ఇంకో కాగితం తెమ్మనీ అన్నాడు.

ముతిందా మోపు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "ఈ పాషేలందరికీ నేను గడ్డి ఎక్కణ్ణుంచి తేను?"

"అన్నీ గడ్డి కోసం కాదులే. పేరు వినపడితే పలకడం అలవాటు," అంది నూలరామి. తర్వాత జనం వైపు తిరిగి, "కూర్చోండర్రా. సాంపు ఇంటి పాషే మాత్రం రండి," అంది.

నలుగురు గొణుక్కుంటూ కూర్చున్నారు. వరస చివర్నుంచి సేలేయన్ తాడు పట్టుకుని వచ్చింది. ముతిందా లేచి నిలబడి ఈసారి మోపులు నాలుగూ తనే మోసి ఆమె కంచె దాకా తెచ్చి పెట్టాడు. తిరిగి వెళ్ళేటప్పుడు లారీలో మిగిలిన తవుడు సంచి ఒకటి దింపి, "ఇది పాతబాకీ," అన్నాడు.

గడ్డి పడ్డాక సాంపు నెమరు వేసింది. ఆ చప్పుడు వినడానికి మేం పనులు మానుకుని కూర్చున్నాం. అయినా లేపందే లేచేది కాదు. అలా ఇంకో మూడు వారాలు.

తర్వాత వాన వచ్చింది. ఒక మధ్యాహ్నం కొండ మీదనుంచి చల్లగాలి తోసుకొచ్చింది, దాని వెనకే నల్లగా వాన. పిల్లలు బట్టలిప్పి గంతులేస్తున్నారు. నూలరామి మాత్రం దుప్పటి బిగించి పరిగెత్తడం మొదలుపెట్టింది. ఎముకలు తప్ప ఏమీ లేని పశువుని కరువు చంపదు, మొదటి వాన చంపుతుంది. ఆ చలికి తట్టుకోవడానికి ఒంట్లో ఏమీ ఉండదు. పోయిన కరువులో సగం పశువులు వానలోనే పోయాయి.

మేం వెళ్ళేసరికి సాంపు నీళ్ళలో పడి ఉంది. సేలేయన్ తన దుప్పటి దాని మీద కప్పి, తను తడుస్తూ దాన్ని కౌగిలించుకుని ఉంది. ఆవు దవడలు కొట్టుకుంటున్నాయి.

"లోపలికి," అంది నూలరామి.

"గుమ్మంలో మనిషే వంగి దూరాలి. ఆవు ఎలా పడుతుంది?" అంది అమ్మ.

నూలరామి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. పొయ్యి ఉన్న వైపు గోడ దగ్గర ఆగి సేలేయన్ వైపు చూసింది. మా ఇళ్ళు మేమే కట్టుకుంటాం. ఆ గోడ కొమ్మలు సేలేయన్ పెళ్ళైన కొత్తలో తెచ్చి పాతినవి, పేడ ఆమె చేతుల్తో మెత్తింది.

"నీ ఇల్లు, పాషే. నువ్వు చెప్పు."

సేలేయన్ లేచి వచ్చి ఆ గోడని తనే మొదట పీకింది. తడిసిన పేడ గోడ మెత్తగా ఊడింది. నాలుగు చేతులు పడేసరికి కొమ్మలు విరిగాయి. మనిషి పట్టేంత, తర్వాత ఆవు పట్టేంత కంత పడింది. గోనె కింద దూర్చి, లేపడం కాదు, ఈసారి ఈడ్చుకుంటూ, మోసుకుంటూ, తిట్టుకుంటూ సాంపును పొయ్యి పక్కకి చేర్చాం. పిల్లల్ని దాని వీపుకి ఆనించి పడుకోబెట్టాం, వాళ్ళ వేడి దానికి, దాని వేడి వాళ్ళకి. నూలరామి తవుడు వేడినీళ్ళలో కలిపి అరచేత్తో దాని నోట్లో పెట్టింది. ఇంట్లో పొగ, పేడ, తడి తోలు వాసన. ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. ఒకామె అంది, "ఆవుతో కాపురం చెయ్యడం వినడమేగానీ చూడలేదు," అని. "మొగుడికంటే నయం, మాట్లాడదు," అంది ఇంకొకామె. అప్పుడు సేలేయన్ మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు ఎండ వచ్చేసరికి వాన ఆగింది. మేం గోనె తీసుకుని నాలుగు వైపులా సర్దుకుంటున్నాం. సాంపు చెవులు ఆడించింది. మొదట వెనక కాళ్ళు కూడదీసుకుంది. నూలరామి చెయ్యి పైకెత్తి మమ్మల్ని ఆపింది. ఆవు నడుము పైకి లేచి, ఆగి, వణికి, మళ్ళీ ఆగి, ముందు మోకాళ్ళ మీదనుంచి ఒక్కసారి నిలబడింది. ఎవరూ ముట్టుకోలేదు. పొయ్యిలో కట్టెని ఒక కాలితో తన్ని, కంతలోంచి తల బయట పెట్టి, మెల్లగా నడుచుకుంటూ తడినేల మీదకి పోయింది. ఇంకా అక్కడ మొలిచిందేమీ లేదు. అయినా వాసన చూస్తూ తిరిగింది. సేలేయన్ దాని వెనక వెళ్ళబోయి, వెళ్ళకుండా అక్కడే నిలబడి చూసింది. ఆమె చిన్నకూతురు, నీ మెడలో పూసలు ఏవీ అని అడిగితే, "వెతుకు, గూట్లో ఉంటాయి," అంది.

మేం గోడ పని చూసుకున్నాం. వాననీళ్ళతో మట్టి, పేడ కలిపి తొక్కాం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమందామని నూలరామి కోసం చూస్తే, ఆమె కంత పక్కన విరగని గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాచి, పసుపు చొక్కా ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపుదామా అని నేను అమ్మనడిగాను. అమ్మ వద్దని తల ఊపింది.

ఆమె ఆనుకున్న చోటు వదిలేసి, మిగతా గోడంతా చప్పుడు చెయ్యకుండా మెత్తాం.